ఆరడుగుల అగ్ని అక్షరాలు: వెబ్‌సైట్ల సన్నక్షరాల్లో దాగిన చమత్కారాలపై పాఠకుల ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో ఒక ఆన్‌లైన్ దుకాణం, సరుకు కొన్నవాళ్ల ఆత్మలను రాయించుకుందని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? ఒకవేళ రాయించుకుంటే అది చెల్లుతుందా?
— పాఠకురాలు, తెనాలి

నిజమేనండి. ఆ దుకాణం పేరు గేమ్‌స్టేషన్, అప్పట్లో వీడియో గేములు అమ్మిన బ్రిటిష్ కంపెనీ. 2010 ఏప్రిల్ 1న తన వెబ్‌సైట్‌లో అమ్మకపు షరతుల మధ్య ఒక ఉపనిబంధన ఇరికించింది. ఆ రోజు ఆర్డర్ పెట్టినవాళ్లు తమ అమరమైన ఆత్మను ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకునే హక్కు కంపెనీకి రాసిచ్చినట్టేనని దాని సారాంశం. కంపెనీ గానీ, అది నియమించిన అనుచరులు గానీ రాతపూర్వకంగా అడిగితే అయిదు పనిదినాల్లో ఆత్మను అప్పగించాలి. ఆ నోటీసును ఆరడుగుల ఎత్తు అగ్ని అక్షరాలతో ఇచ్చే హక్కు కూడా కంపెనీదే. ఆ మంటల వల్ల ఏదైనా నష్టం జరిగితే మాత్రం పూచీ లేదు.

ఈ వాక్యం కట్టిన తీరు చూడండి. మన ప్రోనోటులో ‘రూ. 5,000 (అక్షరాలా అయిదు వేల రూపాయలు)’ అని రాసినట్టే ఇందులోనూ రోజుల సంఖ్యను, అడుగుల సంఖ్యను అంకెలోనూ అక్షరాల్లోనూ రాశారు. తేదీని ‘ఏప్రిల్ 1’ అని రాస్తే పైపైన చూసేవాడికి కూడా అనుమానం వస్తుంది. అందుకని ‘క్రీస్తుశకం 2010వ సంవత్సరం నాలుగో నెల మొదటి రోజు’ అని దస్తావేజు భాషలో తిప్పి రాశారు. చుట్టూ ఉన్న అసలు షరతుల భాషలోనే ఉంది కాబట్టి కన్ను దాని మీద ఆగదు. ఇలాంటి చమత్కారం పండాలంటే ఈ కలిసిపోవడమే ప్రాణం.

తప్పించుకునే దారి కూడా పెట్టారు. మీకు ఆత్మ ఉందన్న నమ్మకం లేకపోయినా, దాన్ని ఇప్పటికే వేరొకరికి ఇచ్చేసినా, ఇవ్వడం ఇష్టం లేకపోయినా కింది లింకు నొక్కి ఈ షరతును రద్దు చేసుకోవచ్చన్నారు. నొక్కినవాళ్లకు 5 పౌండ్ల వోచర్ దక్కింది. వాళ్లు 12 శాతం. మిగతా 88 శాతం, అంటే సుమారు 7,500 మంది, ఆత్మను రాసిచ్చి గేము కొనుక్కుని వెళ్లారు. ఆ హక్కును వాడుకోబోమని తర్వాత కంపెనీయే ప్రకటించింది.

ఇక చెల్లుబాటు సంగతి. వినియోగదారుడి మీద రుద్దిన అన్యాయపు షరతు అతన్ని కట్టిపడేయదని బ్రిటన్‌లో అప్పటికే నిబంధనలున్నాయి. మన దగ్గరైతే 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 29వ సెక్షన్ ప్రకారం, అర్థం ఇదీ అని తేల్చలేని ఒప్పందం చెల్లదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో ‘అన్యాయమైన ఒప్పందం’ అనే మాటకు విడిగా నిర్వచనం కూడా ఉంది. అలాంటి ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్తుంది. ఇక్కడ పొరపడకండి.

అమెజాన్ క్లౌడ్ సేవల నిబంధనల్లో జాంబీల గురించి ఒక షరతు ఉందని మా ఆఫీసులో అనుకుంటున్నారు. పేజీ తెరిచి ‘జాంబీ’ అని వెతికితే ఏమీ దొరకలేదు. పుకారేనా?
— పాఠకుడు, గచ్చిబౌలి, హైదరాబాద్

పుకారు కాదు. మీరు వెతికిన మాట తప్పు, ఎందుకంటే ఆ షరతులో ‘జాంబీ’ అన్న మాటే లేదు. అందులోనే ఉంది దాని అందమంతా.

2016 ఫిబ్రవరిలో అమెజాన్ లంబర్‌యార్డ్ అనే గేమ్ ఇంజిన్‌ను, అంటే వీడియో గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను, విడుదల చేసింది. దాని నిబంధనల్లో అప్పటి నంబరు ప్రకారం 57.10 అనే షరతు ఉంది. మొదటి సగం పూర్తిగా గంభీరం: ప్రాణాలు ఆధారపడే వ్యవస్థల్లో, అంటే వైద్య పరికరాలు, విమానాలు, తనంతట తాను నడిచే వాహనాలు, అణు కేంద్రాలు, యుద్ధరంగం వంటి చోట్ల దీన్ని వాడకూడదు. ఆ తర్వాత ‘అయితే’ అని మొదలవుతుంది మినహాయింపు. కాటు వల్ల గానీ, శరీర ద్రవాలు తగలడం వల్ల గానీ పాకే వైరస్ విస్తృతంగా వ్యాపించి, మనిషి శవాలు లేచి తిరుగుతూ బతికున్నవారి మాంసం, రక్తం, మెదడు, నరాల కోసం ఎగబడి, నాగరికత కుప్పకూలే పరిస్థితి వస్తే పై నిషేధం వర్తించదు. అలాంటిది వచ్చిందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే సీడీసీ, ధ్రువీకరించాలి. సీడీసీ అప్పటికి మిగలకపోతే దాని వారసత్వ సంస్థ ధ్రువీకరించినా సరే!

ఆ ‘వారసత్వ సంస్థ’ అన్న ముక్క రాసినవారికి చేతులెత్తి నమస్కరించాలి. లాయర్లు ఏ సంస్థ పేరు రాసినా పక్కన ఆ మాట అలవాటుగా చేరుస్తారు. ఇక్కడ అదే మాట నవ్వు పుట్టిస్తుంది.

వెతకాలంటే కంట్రోల్, ఎఫ్ మీటలు నొక్కి, ఇంగ్లిష్ స్పెల్లింగుతో ‘కార్ప్సెస్’ అని గానీ ‘రీఅనిమేట్’ అని గానీ కొట్టండి. నంబరు పట్టుకుని వెతక్కండి. నిబంధనలు సవరించినప్పుడల్లా వరుస మారుతుంది, ఈ షరతు 42.10 నంబరుతోనూ కనిపించింది. ఎవరైనా స్క్రీన్‌షాట్ పంపి ‘ఇదిగో’ అంటే ముందు దాని మీద తేదీ చూడండి.

ఒక్క హెచ్చరిక. చమత్కారం చదివి నవ్వుకుని మొదటి సగాన్ని వదిలేయకండి. ఆసుపత్రి పరికరానికి సంబంధించిన ప్రాజెక్టు మీ చేతిలో ఉంటే మీ సంస్థను ఇరుకున పెట్టేది ఆ మొదటి సగమే.

ఆపిల్ ఐట్యూన్స్ ఒప్పందంలో ‘దీన్ని వాడి క్షిపణులు, అణ్వాయుధాలు, రసాయన ఆయుధాలు తయారు చేయరాదు’ అని ఉంది. పాటలు వినే సాఫ్ట్‌వేర్‌తో బాంబు ఎలా చేస్తారు? ఇదీ ఆ కోవలోదేనా?
— పాఠకుడు, గుంటూరు

కాదు. చూడటానికి తమాషాగా ఉన్నా అది ఖచ్చితమైన చట్టపు మాట. అమెరికా ఎగుమతి నియంత్రణ నిబంధనలు సాఫ్ట్‌వేర్‌కూ వర్తిస్తాయి. దేశం దాటే వస్తువు ఏ ప్రయోజనానికి వాడకూడదో అందులో ఉంటుంది. అణు, క్షిపణి, రసాయన, జీవాయుధాలు ఆ జాబితాలోవే. కంపెనీ ఆ జాబితాను తన చాలా ఉత్పత్తుల ఒప్పందాల్లో పెడుతుంది, పాటల సాఫ్ట్‌వేర్‌కు ప్రత్యేకంగా వేరేది రాయదు. చమత్కారమా, చట్టమా అని తేల్చుకోవాలంటే అదే వాక్యంలోని నాలుగు వరుస మాటలను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. పది కంపెనీల పత్రాల్లో అచ్చం అలాగే కనిపిస్తే అది చట్టం కోసం పెట్టిన మాటే. ఒక్కచోటే దొరికితే ఎవరో సరదాపడి రాసినది కావచ్చు.

షరతుల పేజీల్లోనే కాకుండా వెబ్‌సైట్ల లోపలి ఫైళ్లలో కూడా జోకులుంటాయట. అవి చూడటం హ్యాకింగ్ కిందికి వస్తుందా? ఎలా చూడాలి?
— ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

అందరి కోసం తెరిచి ఉంచిన ఫైలు చదవడం హ్యాకింగ్ కాదు. లాగిన్ దాటడం, పాస్‌వర్డ్ ఊహించి కొట్టడం వేరే సంగతి, వాటి జోలికి వెళ్లొద్దు.

మొదట చూడాల్సింది రోబోట్స్ డాట్ టెక్స్ట్. సైటు చిరునామా తర్వాత ఒక స్లాష్ పెట్టి, ఇంగ్లిష్‌లో ‘రోబోట్స్’, చుక్క, ‘టి ఎక్స్ టి’ అని టైపు చేసి ఎంటర్ నొక్కండి. సెర్చ్ ఇంజిన్ల యంత్రాలకు ఏ పేజీలు చూడాలో, ఏవి వద్దో చెప్పే ఫైలు అది. ఈ పద్ధతి 1994 నుంచి వాడుకలో ఉన్నా, 2022లో గానీ ఆర్‌ఎఫ్‌సీ 9309 (ఇంటర్నెట్ పద్ధతులను వివరించే పత్రాల వరుసలో ఒకటి) పేరుతో అధికారిక ప్రమాణం కాలేదు. యూట్యూబ్ ఫైలు పైన ‘సుదూర భవిష్యత్తులో, అంటే 2000 సంవత్సరంలో, తొంభైల మధ్యలో మనుషులందరినీ తుడిచిపెట్టిన రోబోల తిరుగుబాటు తర్వాత తయారైనది’ అనే అర్థంతో ఒక వాక్యం ఉంటుంది. నైకీ తన నినాదాన్ని తిప్పి ‘జస్ట్ క్రాల్ ఇట్’ అని రాసింది. సెర్చ్ యంత్రాలు పేజీలను చదువుతూ పోవడాన్ని క్రాల్ చేయడం అంటారు కదా, అదీ శ్లేష.

ఆ వాక్యాల ముందు హ్యాష్ గుర్తు ఉంటుంది, గమనించండి. ఆ గుర్తు తర్వాత వరుస చివరి వరకు ఏం రాసినా యంత్రం పట్టించుకోదు. అందుకే అక్కడ కవిత్వం రాసినా సైటుకు హాని లేదు. మీ సొంత సైటులో ప్రయత్నిస్తే ఆ గుర్తు మరవకండి. తమాషాకని ‘డిసలౌ’ అని రాసి పక్కన ఒక్క స్లాష్ పెట్టారంటే, మొత్తం సైటును చదవొద్దని సెర్చ్ ఇంజిన్లకు చెప్పినట్టే. కొన్ని రోజుల్లో మీ పేజీల సమాచారం వెతుకులాటలో మాయమవుతుంది. రహస్య ఫోల్డర్ల పేర్లు కూడా అందులో రాయకండి, అది అందరూ చదివే ఫైలు.

రెండోది పేజీ సోర్స్, అంటే ఆ పేజీ వెనక ఉండే కోడ్. కంప్యూటర్‌లో కంట్రోల్, యు నొక్కితే వస్తుంది. మొదటి యాభై వరుసలు చూస్తే చాలు, అక్షరాలతో గీసిన బొమ్మలు, ఉద్యోగ ప్రకటనలు ఉంటే ఎక్కువగా అక్కడే ఉంటాయి. మూడోది ఎఫ్12 నొక్కితే తెరుచుకునే చోట ఉండే కన్సోల్, అంటే ప్రోగ్రామర్లు కోడ్ కొట్టి చూసుకునే గడి. ఫేస్‌బుక్‌లో అది తెరిస్తే పెద్ద అక్షరాలతో ‘ఆగండి!’ అని కనిపిస్తుంది. అది జోకు కాదు. ‘ఈ కోడ్ ఇక్కడ పేస్ట్ చేస్తే ఫలానావాళ్ల అకౌంట్ తెరుచుకుంటుంది’ అని మిమ్మల్ని నమ్మించి, మీ అకౌంటే కాజేసే మోసం ఉంది. దాని గురించిన హెచ్చరిక అది. కన్సోల్‌లో చదవండి, ఎవరో పంపినది మాత్రం ఎప్పుడూ పేస్ట్ చేయకండి.

నాలుగోది వెబ్ పునాదుల్లోనే ఉంది. పేజీ దొరకనప్పుడు 404 అని వస్తుంది కదా, అలాగే 418 అని ఒకటుంది. ‘నేను టీ పాత్రను’ అని దాని అర్థం. 1998 ఏప్రిల్ 1న వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2324 అనే పత్రం, ఇంటర్నెట్ ద్వారా కాఫీ పాత్రలను నడిపే పద్ధతిని పూర్తి సాంకేతిక భాషలో వివరించింది. టీ పాత్రను కాఫీ కాయమని అడిగితే 418 అని జవాబివ్వాలట. 2017లో కొన్ని ప్రోగ్రామింగ్ సాధనాల నుంచి దీన్ని తీసేయమని ప్రతిపాదన వచ్చినప్పుడు, పదిహేనేళ్ల కుర్రాడొకడు కాపాడాలని ఉద్యమం నడిపాడు. అది నిలిచింది. 2022 నాటి ఆర్‌ఎఫ్‌సీ 9110లో ఆ నంబరును మరెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టారు. గూగుల్ చిరునామా తర్వాత స్లాష్ పెట్టి ‘టీపాట్’ అని కొడితే ఆ పేజీని మీరే చూడొచ్చు.

ఫోన్‌లో వీటిలో కొన్ని పనిచేయవు. చిరునామా తెరవబోతే ఆ సంస్థ యాప్ తెరుచుకోవచ్చు. ల్యాబ్‌లో కంప్యూటర్ మీదే చూడండి.

ఉచిత వైఫై కోసం ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కితే మరుగుదొడ్లు కడగాల్సి వస్తుందని ఇక్కడి మిత్రులు ఆటపట్టిస్తున్నారు. ఇందులో ఏమైనా నిజముందా?
— మాంచెస్టర్‌లో చదువుకుంటున్న నిజామాబాద్ పాఠకుడు

మీరున్న ఊరి కంపెనీయే చేసిన పని అది. పర్పుల్ అనే వైఫై సంస్థ 2017లో రెండు వారాల పాటు తన షరతుల్లో 1,000 గంటల సమాజ సేవ చేర్చింది. తాత్కాలిక మరుగుదొడ్లు కడగడం, వీధి పిల్లులను ముద్దు చేయడం, నత్త గుల్లలకు రంగులు వేయడం అందులో ఉన్నాయి. 22,000 మందికి పైగా ఒప్పుకున్నారు, పసిగట్టినది ఒక్కరే. ఎవరి చేతా ఏమీ కడిగించలేదు. అంతకు మూడేళ్ల ముందు, 2014లో, లండన్‌లో ఎఫ్‌సెక్యూర్ సంస్థ చేసిన ప్రయోగంలో మొదటి సంతానాన్ని శాశ్వతంగా ఇచ్చేస్తామన్న షరతుకు ఆరుగురు ఒప్పుకున్నారు. మీరు నిజంగా చూసుకోవాల్సింది వేరే ఉంది: ఈమెయిల్, ఫోన్ నంబరు ఎవరితో పంచుకుంటారన్నది. వైఫై పేజీలో ‘థర్డ్ పార్టీ’ (బయటి సంస్థలు), ‘మార్కెటింగ్’ అన్న రెండు మాటలు వెతికి ఆ వాక్యాలు చదవండి.

ఇంట్లో పట్టిన పచ్చళ్లు, పొడులు వెబ్‌సైట్‌లో అమ్ముతున్నాను. షరతులు ఎవరైనా చదువుతున్నారో లేదో తెలుసుకోవడానికి నేనూ ఒక సరదా వాక్యం పెట్టాలనుకుంటున్నాను. ఇబ్బందులేమైనా ఉంటాయా?
— పాఠకురాలు, విజయవాడ

తప్పకుండా పెట్టండమ్మా, మంచి ఆలోచన. కాకపోతే ఆత్మలు, పిల్లల జోలికి వెళ్లకుండా బహుమతి పద్ధతి ఎంచుకోండి. చదివినవారికి లాభం, చదవనివారికి నష్టం లేదు. దీనికి దారి చూపిన వాటిలో పీసీ పిట్‌స్టాప్ ఒకటి. సాఫ్ట్‌వేర్ ఒప్పందంలో ‘ఫలానా చిరునామాకు మెయిల్ చేస్తే బహుమతి’ అని రాసిపెడితే, నాలుగు నెలలు గడిచి 3,000కు పైగా డౌన్‌లోడ్లు అయ్యాక ఒకాయన రాశాడు. ఆయనకు 1,000 డాలర్లు ఇచ్చారు. 2019లో అమెరికాలో స్క్వేర్‌మౌత్ అనే ప్రయాణ బీమా సంస్థ పాలసీ పత్రంలో 10,000 డాలర్లు దాచింది. ఇన్నాళ్లు పట్టదని తేలింది. జార్జియా రాష్ట్రానికి చెందిన ఒక ఉపాధ్యాయురాలు 23 గంటల్లోనే పట్టుకున్నారు.

వాక్యం ఇలా ఉండొచ్చు: ‘ఇంతవరకు చదివినందుకు సంతోషం. 2 కేజీల లోపు పార్శిళ్ల షరతు కింద ఉంది. ఈ వాక్యం చూసి, వడియాలు అని సబ్జెక్టు రాసి మాకు మెయిల్ పంపిన మొదటి 10 మందికి, వారి తర్వాతి ఆర్డర్‌తో పావు కిలో గుమ్మడి వడియాలు ఉచితం. గడువు మార్చి 31.’

ఇందులో నాలుగు ముక్కలు తప్పనిసరి: ఎంతమందికి, ఏమిటి, ఎంత, ఎప్పటిదాకా. ఏ ఒక్కటి వదిలినా చిక్కే. ‘మొదటి 10 మంది’ అని రాయకపోతే ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టిన మర్నాడు 400 మెయిళ్లు వస్తాయి. సరదాకన్నాం అంటే కుదరదు. కాంట్రాక్టు చట్టం 8వ సెక్షన్ ప్రకారం, మీరు చెప్పిన పని చేయడమే మీ ప్రతిపాదనను ఆమోదించడం. 1913లో అలహాబాద్ హైకోర్టు లాల్‌మన్ శుక్లా కేసులో, బహుమతి ప్రకటన సంగతి తెలియకుండా పని చేసినవాడికి అది అడిగే హక్కు లేదని తేల్చింది. మీ దగ్గర సంగతి తిరగబడుతుంది: వడియాలని రాసి పంపినవాడు చదివాడనే కదా అర్థం! కాబట్టి ఇవ్వాల్సిందే.

ఎక్కడ పెట్టాలంటే డెలివరీ షరతుల మధ్యలో, మూడింట రెండొంతులు దాటాక. మొదటి పేరాలో పెడితే పరీక్ష కాదు, చిట్టచివర పెడితే స్క్రోల్ చేసి అడుగుకు వెళ్లినవాళ్లకు కూడా కంటబడుతుంది. పెట్టకూడని చోట్లు ఇంకా ముఖ్యం. రిఫండ్, చెల్లింపులు, వ్యక్తిగత సమాచారానికి అనుమతి, పదార్థాల జాబితా, ముఖ్యంగా వేరుశెనగ, నువ్వులు, ఆవాలు పడనివారికి ఇచ్చే హెచ్చరిక, ఇవన్నీ సూటిగానే ఉండాలి. అక్కడ ఒక్క సరదా వాక్యం ఉన్నా చదివేవాడికి పక్క వాక్యం మీద కూడా నమ్మకం సడలుతుంది.

సరదా ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. జేసన్ అనే డేటా పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన డగ్లస్ క్రాక్‌ఫర్డ్ తన లైసెన్సులో ‘ఈ సాఫ్ట్‌వేర్‌ను మంచికే వాడాలి, చెడుకు కాదు’ అని ఒక వాక్యం చేర్చాడు. వినడానికి ముచ్చటగా ఉంది కదా! కానీ మంచేదో చెడేదో కోర్టులో ఎవరు తేలుస్తారు? వాడకం మీద ఆంక్ష ఉన్నందువల్ల, డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసేవాళ్లు దాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా ఒప్పుకోలేదు. 2016లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడిపే అపాచీ ఫౌండేషన్ తన ప్రాజెక్టుల్లో ఆ లైసెన్సు ఉన్న కోడ్ వాడొద్దంది. ఐబీఎం లాయర్లు చెడుకు వాడుకోవడానికి ప్రత్యేక అనుమతి అడిగారని ఆయనే ఒక ప్రసంగంలో చెప్పాడు. ఒక్క వాక్యం కోసం ఎందరో ప్రోగ్రామర్లు పనిచేస్తున్న కోడ్‌ను తీసేసి మళ్లీ రాసుకున్నారు. మీ వడియాల వాక్యం అలా ఎవరి హక్కునూ తాకదు, అందుకే నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

దీంతోపాటు 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు మీకూ వర్తిస్తాయేమో ఒకసారి ఆడిటర్‌ను అడగండి. ఫిర్యాదుల అధికారి పేరు, ఫోన్ సైటులో ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ‘అంగీకరిస్తున్నాను’ గడిలో ముందే టిక్ పెట్టి ఉంచకూడదు. షరతులు మార్చిన ప్రతిసారీ పాత పేజీని పీడీఎఫ్‌గా తీసి తేదీతో దాచుకోండి. గడువు అయిపోయిన మర్నాడే ఆ వాక్యం తీసేయండి.

ఇన్ని పేజీలు ఎవరు చదవగలరు? పది నిమిషాల్లో చూడాల్సినవి ఏమిటో చెప్పండి.
— పాఠకుడు, కరీంనగర్

మీ బాధ న్యాయమైనదే. అమెరికాలో ఒక సాధారణ వినియోగదారుడు తాను చూసే సైట్ల గోప్యతా విధానాలన్నీ చదవాలంటే ఏడాదికి సుమారు 244 గంటలు పడుతుందని 2008లో కార్నెగీ మెలన్ పరిశోధకులు లెక్క కట్టారు. 2016లో ‘నేమ్‌డ్రాప్’ అనే ఉత్తుత్తి సైటుతో చేసిన పరిశోధనలో, మొదటి సంతానాన్ని రుసుముగా ఇవ్వాలన్న షరతును 543 మంది విద్యార్థుల్లో 98 శాతం మంది పట్టుకోలేకపోయారు. షరతుల మీద వాళ్లు గడిపిన సగటు సమయం 51 సెకన్లు.

కంప్యూటర్‌లో తెరవండి. పైన ఎప్పుడు సవరించారో చూడండి. కంట్రోల్, ఎఫ్ నొక్కి ఆటో రెన్యూవల్ (అడగకుండానే కొనసాగించడం), అర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు), జ్యూరిస్‌డిక్షన్ (ఏ ఊరి కోర్టు పరిధి), థర్డ్ పార్టీ, నాన్ రిఫండబుల్ (డబ్బు తిరిగి ఇవ్వరు), ఇండెమ్నిఫై (నష్టం మీరు భరించడం) అనే మాటలు ఇంగ్లిష్‌లో ఒక్కొక్కటిగా వెతికి, దొరికిన పేరా మాత్రం పూర్తిగా చదవండి. తర్వాత చివర్లో ‘మిసలేనియస్’ లేదా ‘జనరల్’ అనే భాగం చదవండి. ఎక్కడా ఇమడనివన్నీ అందులో వేస్తారు, మెలికలూ చమత్కారాలూ రెండూ అక్కడే దొరుకుతాయి. వెతికితే ఏమీ రాకపోతే లేవని అనుకోకండి. శీర్షిక నొక్కితే తెరుచుకునే పేజీల్లో మూసి ఉన్న భాగాలు వెతుకులాటకు అందకపోవచ్చు, ముందు అన్నీ తెరవండి. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అది ఫొటో కాబట్టి మాటలు దొరకవు.

ఇంగ్లిష్ ఇబ్బంది అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ప్రకారం, అనుమతి కోసం ఇచ్చే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి (ఈ నిబంధన అమల్లోకి వచ్చిందో లేదో ముందు చూసుకోండి). తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. పేజీ మీద భాష మార్చే మీట కనిపించకపోతే, ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి ఈ చట్టం పేరు రాసి తెలుగు నోటీసు పంపమని మెయిల్ పెట్టండి.